కౌంటర్ ఆఫర్

మా ఇంట్లో ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఎప్పుడు వినిపించినా అది మా ఆయన వీసా గురించే. ఈ కంపెనీ నుంచి ఆ కంపెనీకి, అక్కణ్ణుంచి ఇంకో కంపెనీకి, హెచ్‌వన్ ఉన్నన్నాళ్ళూ అదే గోల. తర్వాత గ్రీన్‌కార్డు వచ్చింది, సిటిజన్‌షిప్పూ వచ్చింది, ఇక ఈ జన్మకి ఆ మాట వినక్కర్లేదని నిశ్చింతగా ఉన్నాను. మా అబ్బాయి ఫుట్‌బాల్ పుణ్యమా అని మళ్ళీ అదే మాట ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

మా అబ్బాయి ఆరుష్ కాలేజీ టీమ్‌లో కిక్కర్. అమెరికా ఫుట్‌బాల్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ ఆటలో ఏనుగు పిల్లల్లాంటి మనుషులు ఒకరి మీద ఒకరు పడి గంటల తరబడి దొర్లుతుంటారు. మా వాడు వాళ్ళలో ఒకడు కాదు. వాళ్ళు దొర్లి దొర్లి ఆగాక, మా వాడు మరక అంటని బట్టలతో మైదానంలోకి వెళ్ళి, బంతిని రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి పోయేలా తన్ని వచ్చేస్తాడు. ఆ ఒక్క తన్నుకీ ముగ్గురు కావాలి. ఒకడు వంగి తన కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి విసురుతాడు. రెండోవాడు మోకాలి మీద కూర్చుని దాన్ని పట్టుకుని నేల మీద నిలబెడతాడు. మూడోవాడు తన్నుతాడు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుందట. అయిపోతుందట అని ఎందుకంటున్నానంటే, నేనెప్పుడూ చూడలేదు. ఆ సమయానికి కళ్ళు మూసుకుంటాను. జనం అరుపును బట్టి బంతి ఎటు పోయిందో తెలుసుకుంటాను. హాస్పిటల్ ఫార్మసీలో పనిచేసేదాన్ని, ఎంతటి మందైనా చెయ్యి వణక్కుండా కలుపుతాను గానీ, నా కొడుకు బంతి తన్నడం మాత్రం చూడలేను.

హెల్మెట్లు పెట్టుకున్నాక అందరూ ఒకేలా ఉంటారు కాబట్టి మా వాణ్ణి అంకెను బట్టే గుర్తుపడతాం. ముప్పై ఎనిమిది. మా ఆయన యోగానంద్ ఆ అంకె ఉన్న ఎర్ర జెర్సీ ఒకటి క్యాంపస్ షాపులో కొన్నారు. ఆట ఉన్న ప్రతి శనివారం అది తొడుక్కుంటారు, లేని శనివారం కాస్ట్‌కోకి తొడుక్కెళతారు. అక్కడ సామాన్లు స్కాన్ చేసే అమ్మాయి "గో థర్టీ ఎయిట్" అంటే ఆ రోజంతా ఆయనకి పండగే.

మా ఊరు నేపర్‌విల్ నుంచి ఆ యూనివర్సిటీకి మూడు గంటల డ్రైవ్, దారి పొడుగునా మొక్కజొన్న చేలు. మొన్న ఫాల్‌లో, అంటే సెప్టెంబరు నుంచి సాగే ఆటల కాలంలో, వాడి మూడో ఏడు బాగా గడిచింది. ఆఖరి ఆట ఆఖరి క్షణంలో వాడు తన్నిన బంతితో టీమ్ గెలిచింది. సంతోషంగా ఇంటికొచ్చాం. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

డిసెంబరులో వాడికి కిక్కింగ్ నేర్పే ట్రైనర్ ఒకాయన ఫోన్ చేశాడు. దక్షిణాదిన ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్ళకి కిక్కర్ కావాలట. ఆరుష్ గనక పోర్టల్‌లో పేరు పెడితే వాళ్ళు మాట్లాడతారట, డబ్బు కూడా బాగా ఇస్తారట. పోర్టల్ అంటే ఏమిటని నేనడిగాను. ఒక టీమ్ వదిలి ఇంకో టీమ్‌కి పోదలచినవాళ్ళు పేరు ఎక్కించుకునే చోటు. జనవరిలో రెండు వారాలు తెరుస్తారు. పేరు ఎక్కాకే వేరే కోచ్‌లు మనతో మాట్లాడవచ్చు. ఇప్పుడు కాలేజీ పిల్లలకి యూనివర్సిటీలే డబ్బులిస్తున్నాయి కదా, ఆ రెండు వారాలూ దేశమంతా సంతే.

"మనకెందుకండీ ఆ సంత?" అన్నాను.

"మార్కెట్ అంటే ఏంటో తెలుసుకోవాలి మృదులా. వాడి వాల్యూ వాడికి తెలియాలి కదా," అన్నారు ఆయన. వాల్యూ అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే చక్రపాణి గారికి ఫోన్ వెళ్ళినట్టే.

చక్రపాణి గారు మా ఆయనకి పాత స్నేహితులు. షామ్‌బర్గ్‌లో కన్సల్టెన్సీ నడుపుతారు. చదువు ముగిసిన పిల్లల్ని చేరదీసి, రెజ్యూమె రాయించి, ఏదో ఒక కంపెనీలో కూర్చోబెట్టడం ఆయన వ్యాపారం. మనిషి మంచివారే. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు కారు తీసేది ఆయనే. కానీ లోకంలో ఉన్న ప్రతి మనిషీ ఆయన కంటికి ఉద్యోగం కోసం బెంచి మీద కూర్చున్న క్యాండిడేట్‌లాగే కనిపిస్తాడు.

ఆరుష్ క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చిన మొదటి శనివారం మధ్యాహ్నం, చక్రపాణి గారు తన భార్య శశికళ పంపిన సకినాల డబ్బా ఒక చేత్తో, లాప్‌టాప్ ఇంకో చేత్తో దిగారు. భోజనాల బల్ల మీద నా పప్పుగిన్నె పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచారు.

"ముందు ప్రొఫైల్ తయారు చేద్దాం. చెప్పు బిడ్డా, నీ లాంగెస్ట్ కిక్ ఎంత?"

"ఫార్టీ నైన్ యార్డ్స్ అంకుల్."

"ఫిఫ్టీ టూ ఏస్తున్న. ఎవడడుగుతడు."

"అంకుల్, అది టీవీలో వచ్చింది. అందరికీ తెలుసు."

చక్రపాణి గారు బ్యాక్‌స్పేస్ నొక్కారు. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటి చిక్కు ఆయనకి ఎదురైనట్టు లేదు. పాపం, మళ్ళీ నలభై తొమ్మిదే వేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ కలిసి వాడి కాలికి రేటు కడుతున్నారు గానీ, ఆ కాలు ఎవరిదో వాణ్ణి అడిగినవాళ్ళు లేరు. పప్పుగిన్నె ఇవతలికి లాక్కుని నేనే అడిగాను.

"నీకేం కావాలిరా?"

"నాకు అక్కడే ఉండాలి అమ్మా," అన్నాడు ఆరుష్. వాడి తెలుగు అలాగే ఉంటుంది. "సీనియర్ ఇయర్ ఒక్కటే కదా ఉంది. మేసన్ ఉన్నాడు, నా డిజైన్ ప్రాజెక్ట్ ఉంది. హాఫ్ స్కాలర్‌షిప్‌ని ఫుల్ చేస్తాను అని కోచ్ లాస్ట్ స్ప్రింగ్‌లో చెప్పాడు. ఇంకా చెయ్యలేదు. నేను వెళ్ళి అడుగుతాను. దట్స్ ఇట్."

మేసన్ అంటే వంగి బంతి విసిరే పిల్లవాడు. మొదటి ఏడు నుంచీ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. వేసవిలో మిగతావాళ్ళంతా ఇళ్ళకి పోతే వీళ్ళిద్దరూ ఖాళీ మైదానంలో విసురుతూ తన్నుతూ ఉండేవాళ్ళు. మెకానికల్ ఇంజనీరింగ్ కూడా ఇద్దరిదీ ఒకే క్లాసు.

"అడిగితే ఎవడిస్తాడ్రా?" అన్నారు మా ఆయన. "నేను రెండేళ్ళు అడిగాను మా డైరెక్టర్‌ని. ఇచ్చాడా? రాజీనామా పేపర్లు పెట్టాను. తెల్లారేసరికి కాఫీ కప్పుతో నా డెస్క్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు, యోగా, వాట్ విల్ ఇట్ టేక్ అని."

ఈ కథ నేపర్‌విల్‌లో తెలియని తెలుగువాళ్ళు లేరు. పోకుండా ఆపడానికి ఆ డైరెక్టర్ జీతం పెంచాడే, ఆ కౌంటర్ ఆఫర్ డబ్బుతోనే మా ఇంటి బేస్‌మెంట్ పూర్తయింది. అక్కడికి ఎవరు దిగినా ఆయన గోడ మీద చెయ్యి వేసి ఆ కథ చెబుతారు. ఇంతా చేసి ఆ డైరెక్టర్ అప్పటికే రిటైరవడానికి సిద్ధంగా ఉన్నాడని, కంపెనీ డబ్బు పోతే తనకేమిటనుకుని ఇచ్చాడని నా అనుమానం. అది నేనెప్పుడూ పైకి అనలేదు.

"వెళ్ళిపొమ్మని నేను అనట్లేదు నాన్నా," అంటూ ఆయన గొంతు తగ్గించారు. "ఉండటానికే చెప్తున్నా. పోర్టల్‌లో పేరు పెట్టు. అదే నీ రిజిగ్నేషన్ లెటర్. మీ కోచ్ వాడే పరిగెత్తుకొస్తాడు. ఫుల్ స్కాలర్‌షిప్ ఏంటి, పైన ఇంకా అడుగుదాం."

"కరెక్ట్ అన్నా," అన్నారు చక్రపాణి గారు సకినం కొరుకుతూ. "నోటీస్ ఇయ్యంది ఎవడూ కదలడు. నా దగ్గర పోరలందరికీ నేను చెప్పేది గదే."

"పరిగెత్తుకు రాకపోతే?" అన్నాను.

"నీకు మార్కెట్ తెలీదు మృదులా."

"నాకు మార్కెట్ తెలీదు సరే. మీకు ఫుట్‌బాల్ తెలుసా? టచ్‌డౌన్‌కి ఎన్ని పాయింట్లో నిరుడు కూడా నన్నడిగారు."

"ప్రిన్సిపుల్ ఎక్కడైనా ఒకటే," అన్నారు ఆయన. ఈ ఒక్క మాటతో ఆయన నాతో ఇరవై నాలుగేళ్ళుగా సంసారం చేస్తున్నారు.

ఆరుష్ వంక చూశాను. నలభై వేలమంది గొంతు చించుకుని అరుస్తుంటే చలించకుండా బంతి తన్నేవాడు, నాన్న ముందు కాదు అనే ఒక్క మాట అనలేక గడ్డపెరుగు కలుపుకుంటున్నాడు. ఆయన మీద వచ్చిన కోపంలో సగం వాడి మీద కూడా వచ్చింది. మనసులో ఉన్నది చెప్పేశావు కదరా, దాని మీద నిలబడు. నిలబడలేదు. "ఓకే నాన్నా, మీకు అలా అనిపిస్తే," అన్నాడు. పెరుగన్నం తినేసి పైకి పోయాడు.

జనవరిలో పోర్టల్ తెరిచిన రోజు మా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని వాడు యూనివర్సిటీ ఆఫీసుకి ఈమెయిల్ పంపాడు. మా ఆయన వాడి వెనక నిలబడి, "రిగార్డ్స్ కాదు, వార్మ్ రిగార్డ్స్ అని పెట్టు. డోర్ ఓపెన్‌గా ఉంచాలి," అన్నారు. మర్నాటికి పేరు ఎక్కింది. ఆ రోజు ఆయన ఇంటి నుంచే పనిచేశారు. కోచ్ ఫోన్ వస్తే ఏమనాలో చిన్న కాగితం ముక్క మీద రాసి వాడి కంచం పక్కన పెట్టారు. ముందు మనం అంకె చెప్పకూడదు. ఆలోచించుకోవడానికి టైం అడగాలి. థాంక్స్ మాత్రం రెండుసార్లు చెప్పాలి.

ఫోన్ వచ్చింది. వాడు లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "యెస్ కోచ్," అన్నాడు. కాసేపు విన్నాడు. "థాంక్ యూ, కోచ్," అన్నాడు. మళ్ళీ "థాంక్ యూ," అన్నాడు. పెట్టేశాడు. ఒక ఇడ్లీ తినేపాటి సేపు కూడా పట్టలేదు.

"ఎంతన్నాడు?" అన్నారు మా ఆయన.

"ఏం అనలేదు నాన్నా. ఆల్ ద బెస్ట్ అన్నాడు."

"అలాగే అంటారు ముందు. ఇప్పుడు పైవాళ్ళతో మాట్లాడతాడు. రేపు హెచ్‌ఆర్ నుంచి వస్తుంది చూడు."

"హెచ్‌ఆర్ లేదు నాన్నా. నో వన్ ఈజ్ కాలింగ్. వాళ్ళ లిస్ట్‌లో నూట ఐదుమందికే ప్లేస్. నేను వెళ్తున్నా అని చెప్తే నా ప్లేస్ ఇంకొకళ్ళకి ఇస్తారు. దట్స్ హౌ ఇట్ వర్క్స్." వాడి గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "ఉండటానికి కదా నాన్నా నేను వెళ్తున్నా అని చెప్పింది. అది కోచ్‌కి ఎలా తెలుస్తుంది?"

మా ఆయన కాగితం ముక్క మడిచి జేబులో పెట్టుకున్నారు. హెచ్‌ఆర్ లేని సంస్థ ఒకటి ఈ దేశంలో ఉంటుందని ఆయనకి తట్టలేదు. నేనైతే లేచి వంటింట్లోకి వెళ్ళి శుభ్రంగా ఉన్న స్టవ్‌ని మళ్ళీ తోమాను. కోచ్ పరిగెత్తుకు రాకపోతే ఎలాగని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నప్పుడు ఈ తండ్రికి చెవులు ఎక్కడికి పోయాయి అని పైకే అన్నాను.

రెండు రోజుల్లో మా వాడి టీమ్ ఒహాయో నుంచి ఒక కిక్కర్‌ని తెచ్చుకుంది. ఆ కుర్రవాడి ఫోటో ఆరుష్ ఫోన్‌లో చూపించాడు. సంతకం చేస్తూ నవ్వుతున్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. వాడూ ఏ తల్లో కన్నబిడ్డే కదా.

"పోనీ, సౌత్ వాళ్ళున్నారు కదా," అన్నారు మా ఆయన. ఉన్నారు, వాళ్ళు ఫోన్ చేశారు. తియ్యగా మాట్లాడారు. మర్నాడు మళ్ళీ చేశారు. మూడోసారి వాళ్ళు చేయలేదు, మేమే చేశాం. వేరే కిక్కర్‌తో ఖాయమైందని, ఆరుష్ మంచి ఆటగాడని, ఎక్కడున్నా రాణిస్తాడని చెప్పారు.

చక్రపాణి గారు ఆ సాయంత్రమే వచ్చారు. షూ విప్పుతూనే మొదలుపెట్టారు. "ఇదేం పద్ధతి వదినా? మాటిచ్చి గిట్ల చేస్తరా? ఒక్క పోస్టుకి ముగ్గురిని లైన్ల పెట్టుకున్నరంట. పిల్లల లైఫ్‌తోని ఆటలా?"

"అన్నయ్యగారూ, మీ ఆఫీసులో ఒక్క ఓపెనింగ్‌కి ఎంతమందిని పంపుతారు?"

ఆయన రెండో షూ విప్పుతున్నవారు ఆగారు. "అది వేరే వదినా," అన్నారు.

"వేరే ఎలా అవుతుంది? ప్రిన్సిపుల్ ఎక్కడైనా ఒకటే అని మొన్న ఈ బల్ల దగ్గరే విన్నాను."

మా ఆయన పేపర్ టవల్ తీసుకుని తుడవనవసరం లేని బల్ల తుడిచారు. చక్రపాణి గారు ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాకేం పశ్చాత్తాపం కలగలేదు. మర్నాడు మాత్రం ఆయనకిష్టమైన గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టి పంపాను, ఎందుకంటే రేపు మాకేదైనా అయితే కారు తీసేది ఆయనే.

ఇంకొక్క చోటు నుంచి పిలుపు వచ్చింది. కొండల్లో ఎక్కడో చిన్న కాలేజీ. అక్కడ మెకానికల్ లేదు. ఇప్పటిదాకా చదివిన దాంట్లో సగం లెక్కలోకి రాదు, ఇంకో రెండేళ్ళు కూర్చోవాలి. మా ఆయన అది కూడా ఆలోచించారు. "కిక్కింగ్ కంటిన్యూ అవుతుంది కదా. ప్రో లెవెల్‌కి వెళ్తే డిగ్రీ ఎవడు చూస్తాడు," అన్నారు.

"ప్రోలో థర్టీ టూ టీమ్స్ నాన్నా. టీమ్‌కి ఒక కిక్కర్. థర్టీ టూ జాబ్స్, కంట్రీ అంతా. వాళ్ళు ఫార్టీ ఇయర్స్ వచ్చేదాకా రిటైర్ అవ్వరు," అన్నాడు ఆరుష్. "నేను ఆ థర్టీ టూలో లేను. ఐ నో దట్. నేను కార్ బ్రేక్స్ డిజైన్ చేస్తాను. సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను కదా, ఐ లైక్డ్ ఇట్. నాకు ఇంకొక్క ఇయర్ నా టీమ్‌తో ఆడాలని, అంతే."

అంతే అట. ఒక్క ఏడు. పిల్లవాడు కోరింది అంత చిన్న కోరిక. దాన్ని తీర్చడానికి ఇద్దరు పెద్ద మనుషులు కూర్చుని, ఉన్నదాన్ని ఊడగొట్టారు.

క్లాసులు మొదలయ్యే ముందు ఆదివారం వాణ్ణి నేనే దింపాను. మా ఆయన వస్తానన్నారు. వద్దన్నాను. మూడు గంటలు ఆ మనిషి పక్కన కూర్చుని నోరు మూసుకోవడం నావల్ల కాదని నాకు తెలుసు. దారిలో ఆరుష్ పెద్దగా మాట్లాడలేదు. అటూ ఇటూ చేలన్నీ కోసేసి బోసిగా ఉన్నాయి, పైన పల్చగా మంచు.

గదికి వెళ్ళే ముందు స్టేడియం పక్కనున్న టీమ్ బిల్డింగ్ దగ్గర ఆపమన్నాడు. తలుపు దగ్గర కార్డు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. కార్డుని ప్యాంటుకి రుద్ది మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్ర లైటే. నేను కారులోంచి చూస్తున్నానని వాడికి తెలుసు కాబట్టి వెనక్కి తిరగలేదు.

లోపలి నుంచి మేసన్ తలుపు తీశాడు. ఆరడుగుల పైన మనిషి, చేతుల్లో అట్టపెట్టె. అందులో ఆరుష్ షూలు, దువ్వెన, నేను పంపిన మామిడికాయ పచ్చడి సీసా. లాకరు ఖాళీ చేసేశారట. ఆ కుర్రవాడు కారు దగ్గరికొచ్చి "హాయ్ ఆంటీ," అని, ఏం మాట్లాడాలో తెలియక పచ్చడి సీసా చూపించి, సగం తనే తినేశానని సారీ చెప్పాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు.

ఆరుష్ పెట్టెని డిక్కీలో పెట్టి, "అమ్మా, నువ్వు వెయిట్ చెయ్యి," అని మేసన్‌తో పాటు లోపలికి వెళ్ళాడు. కోచ్ గదికి. డిసెంబరులోనే వెళ్ళాల్సిన చోటికి. నేను హీటర్ వేసుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి అద్దాలన్నీ ఆవిరి పట్టాయి.

"ఉండమన్నాడు," అన్నాడు బెల్ట్ పెట్టుకుంటూ. "లిస్ట్‌లో ఇంకా ఒక్క ప్లేస్ ఉంది. స్కాలర్‌షిప్ లేదు, పే లేదు. నీకేం పని ఇస్తే అది చేస్తావా అన్నాడు. చేస్తాను అన్నాను."

"ఏం పని?"

"ఏది కావాలంటే అది అమ్మా."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా? వెనక్కి తీసుకున్నారంటే వాల్యూ తెలిసినట్టేగా. ఫాల్ వచ్చేసరికి వాడే కిక్కర్, చూస్తూ ఉండు," అన్నారు. చివరి ఏడు ఫీజు మొత్తం ఇక మాదే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. బేస్‌మెంట్‌లో గోడ మీద చెయ్యి వేసి చెప్పే కథ మాత్రం ఆగిపోయింది. ఫిబ్రవరిలో ఎవరో దిగి, "ఇదేనా ఆ కౌంటర్ ఆఫర్ బేస్‌మెంటు?" అని అడిగితే, కార్పెట్ మార్చాలనుకుంటున్నామని చెప్పారు.

ఏప్రిల్‌లో స్ప్రింగ్ గేమ్ వచ్చింది. అది అసలు ఆట కాదు, టీమ్ వాళ్ళే రెండు జట్లుగా చీలి ఆడుకునే ఆట. జనం పిల్లాపాపలతో వస్తారు. ఆడుతున్నానని, రమ్మని ఆరుష్ ఫోన్ చేశాడు. ఏం ఆడతావని మా ఆయన అడగలేదు. అడగక్కర్లేదని ఆయన ధీమా. జెర్సీ ఇస్త్రీ చేయించుకున్నారు, నా చేత కాదు, తనే చేసుకున్నారు. ఎండ బాగా ఉంటుందన్నా వినకుండా, వాతావరణం నమ్మలేమని జాకెట్ కూడా చంకన పెట్టుకున్నారు.

ఏనుగు పిల్లలు చాలాసేపు దొర్లారు. ఆ తర్వాత బంతి తన్నే సమయం వచ్చింది. పక్క నుంచి ముగ్గురు మైదానంలోకి పరిగెత్తారు. ముప్పై ఎనిమిది కనిపించింది. మా ఆయన లేచి నిలబడ్డారు. "థర్టీ ఎయిట్, కమాన్ థర్టీ ఎయిట్," అని అరిచారు. నేను అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను.

జనం అరిచారు. బాగానే పోయిందన్నమాట. మా ఆయన నా భుజం పట్టుకుని కుదిపేస్తున్నారు. "చూడు, చూడు, చెప్పానా నేను, మన వాడు, చూడు మృదులా."

కళ్ళు తెరిచాను. ముప్పై ఎనిమిది హెల్మెట్ తీస్తున్నాడు. కింద నుంచి బంగారు రంగు జుట్టు బయటపడింది. ఒహాయో కుర్రవాడు.

మా ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. కుదపడం ఆపేసింది.

"మరి మన వాడేడి?" అన్నారు.

బంతి పెట్టిన చోట ఇంకా మోకాలి మీదే ఉన్న కుర్రవాడొకడు నెమ్మదిగా లేస్తున్నాడు. వీపు మీద ఏదో తొంభైల్లో అంకె. మేసన్ వెనక్కి పరిగెత్తుకొచ్చి వాణ్ణి కావలించుకున్నాడు. ఆ తర్వాత ఆ లేచినవాడు ముప్పై ఎనిమిది తొడుక్కున్న కుర్రవాడి వీపు తట్టాడు. ఆ తట్టే పద్ధతి నేనెరుగుదును. చిన్నప్పుడు ఆరుష్ మా పక్కింటి కుక్కని అలాగే తట్టేవాడు.

ఆ మధ్యాహ్నం ఇంకా చాలాసార్లు బంతి తన్నారు. ఒక్కసారి కూడా నేను కళ్ళు మూసుకోలేదు. మేసన్ విసిరిన బంతి నా కొడుకు చేతుల్లోకి వచ్చేది. వాడు దాన్ని నేల మీద పెట్టి, ఒక్క వేలితో నిలబెట్టి, తల వంచుకునేవాడు. ఇంకొకడు వచ్చి తన్నేవాడు. ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో చెప్పలేను. నాకు గర్వంగా ఉంది, గుండె మండిపోతోంది కూడా. రెండూ ఒకేసారి ఉన్నాయి.

మా ఆయన మళ్ళీ లేవలేదు. మా వెనక వరుసలో ఒక పెద్దాయన ముందుకి వంగి, "యువర్ బాయ్? గ్రేట్ లెగ్," అన్నాడు, ఈయన వీపు మీది అంకె చూసి. మా ఆయన థాంక్యూ అన్నారు. అని, చంకలో ఉన్న జాకెట్ తీసి తొడుక్కున్నారు. జిప్పు గడ్డం దాకా లాక్కున్నారు.

ఆట అయ్యాక కంచె దగ్గరికి ఆరుష్ వచ్చాడు. మోకాలి మీద గడ్డి మరకలు. మొదటిసారి వాడి బట్టలు మాసి ఉండటం చూశాను.

"చూశారా నాన్నా? ఒక్కటి కూడా మిస్ అవ్వలేదు మేము," అన్నాడు. మేము అన్నాడు. "లాస్ట్ ఇయర్ బాల్ పట్టుకున్న హోల్డర్ గ్రాడ్యుయేట్ అయ్యాడు, అందుకే నేను నేర్చుకున్నాను. మేసన్ విసిరే స్నాప్ నాకు బాగా తెలుసు కదా."

"బాగా పట్టుకున్నావు," అన్నారు మా ఆయన. దారి పొడుగునా సలహాలు చెబుతూ వచ్చిన మనిషి, కంచె కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నుదుటి నిండా చెమటలు, చెవుల పక్క నుంచి కారుతున్నాయి.

"చాలా హాట్‌గా ఉంది నాన్నా. జాకెట్ తియ్యండి," అన్నాడు ఆరుష్.

"చలిగా ఉంది రా," అన్నారు ఆయన, జిప్పు మీద చెయ్యి వేసి.

చలికాలమంతా ఈ మనిషిని తిట్టడానికి నేను దాచుకున్న మాటలు గంపెడున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. బ్యాగులోంచి చేతిరుమాలు తీసి ఆయన చేతిలో పెట్టాను.